నిలిచినట్టు కనపడిన లేత్

అమీర్ బాషా లేత్ మిషన్ మీదికి వాలిపోయి ఉన్నాడు. మెడలోని తుండుగుడ్డ, కొయ్యను పట్టి తిప్పే చక్కుకు చుట్టుకుని బిగుసుకుపోయింది. పైన తెల్లటి లైటు వెలుగుతూనే ఉంది.

"మిషన్ ఎవరు ఆపారు?" ఎస్సై హరినాథ్ అడిగాడు.

"నేనే సార్. నేనొచ్చేటప్పటికి తిరగతా ఉండె," అన్నాడు గడప దగ్గర కూలబడిన తహీర్. చనిపోయినవాడి తమ్ముడు. కృష్ణపట్నం పోర్టులో ఎలక్ట్రీషియన్.

అమీర్ బాషా థర్మల్ ప్లాంటులో టర్బైన్ల పక్కన పనిచేసి రిటైరయ్యాడు. ఆ హోరుకి చెవులు పూర్తిగా పోయాయి. ముత్తుకూరులో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, కాలక్షేపానికి కొయ్య బొంగరాలు, కుంకుమ భరిణెలు చేసేవాడు.

పక్కింటి వెంకటశేషమ్మ గోడ అవతల నుంచి చెప్పింది.

"నిన్న అన్నదమ్ములిద్దరూ ఒకటే అరుపులు సార్. 'ఈ మిషనే నిన్ను చంపుద్ది' అని తహీర్ అరిచినాడు. నేను విన్నా."

స్విచ్ మీద తహీర్ వేలిముద్రలున్నాయి. అమీర్ బాషా భార్య జమాల్‌బీ ఏడుస్తూనే మరిదికేసి వేలు చూపింది.

"ఆయన చెయ్యి లోపల పెట్టినప్పుడు వీడే స్విచ్ ఏసినాడు సార్."

హరినాథ్ తహీర్‌ని జీపెక్కించాడు. స్టేషన్లో ఎన్ని ప్రశ్నలేసినా ఒకటే జవాబు.

"నేను ఆపినాను సార్. ఎయ్యలా."

మర్నాడు మధ్యాహ్నం హరినాథ్ మళ్ళీ షెడ్డుకు వచ్చాడు. మోటారు పనిచేస్తోందో లేదో చూడమని కానిస్టేబుల్ సుధాకర్‌కి చెప్పాడు. దుమ్ము బయటికి పోకుండా అమీర్ బాషా మూసుకునే తలుపు మూసే ఉంది. వెలుతురంతా ఆ లైటుదే.

సుధాకర్ స్విచ్ వేశాడు. గుర్రుమని చప్పుడు.

చక్కు మాత్రం కదల్లేదు. కొయ్యను బిగించే దాని నాలుగు దవడలూ నిశ్చలంగా ఉన్నాయి. బెల్టు జారిందేమోనని హరినాథ్ చెయ్యి చాచాడు.

"సార్, తిరగతా ఉండాది!" సుధాకర్ అతని మోచెయ్యి పట్టి లాగాడు.

హరినాథ్ వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నాడు. సెల్‌ఫోన్ కెమెరా లైటు వైపు తిప్పాడు. తెరనిండా నల్లటి చారలు పాకుతున్నాయి. తనకి చప్పుడు వినబడింది. వినబడని మనిషికి?

సాయంత్రం అందరినీ షెడ్డు దగ్గరికి పిలిపించాడు. తహీర్‌ని స్టేషన్ నుంచి తెప్పించాడు.

"వెంకటశేషమ్మ గారూ, నిన్న కరెంటు పోయిందా?"

"పోయింది సార్. మజ్జాన్నం మళ్ళా వచ్చింది."

"మిషన్ చప్పుడు ముందు విన్నారా, తహీర్ బండి చప్పుడా?"

"మిషనే ముందు. కరెంటు రాంగానే మోగింది."

"అప్పుడు అమీర్ బాషా ఎక్కడున్నాడు?"

ఆమె దొడ్డి వైపు చూసింది.

"దొడ్లో... అన్నం తిని చెయ్యి కడుక్కుంటా ఉండె సార్."

"నిన్న చెప్పలేదే?"

"మీరు అరుపుల సంగతే అడిగితిరి."

"ఆ అరుపులు కూడా అంతే. చెవిటివాడితో అరవకుండా ఎలా మాట్లాడతారు?" హరినాథ్ తహీర్ వైపు తిరిగాడు. "ఏమని అరిచావు?"

"చెవి మిషన్ పెట్టుకోమన్నా సార్. వినపడకుండా లేత్ కాడ నిలబడితే ఆ మిషనే చంపుద్దని చెప్పినా."

హరినాథ్ తలుపు మూసి లేత్ వేయించాడు. జమాల్‌బీని చెవులు గట్టిగా మూసుకోమన్నాడు. చక్కు తిరుగుతోందా అని సైగ చేశాడు.

ఆమె తదేకంగా చూసి, లేదని తల అడ్డంగా ఊపింది.

సుధాకర్ తలుపు తీశాడు. ఎండ లోపలికొచ్చి పడింది. దవడలు మాయమై, చక్కు బూడిదరంగు చక్రమై గిర్రున తిరుగుతోంది. జమాల్‌బీ కెవ్వుమంది.

"కరెంటు పోయినప్పుడు ఆయన స్విచ్ తియ్యడం మరిచాడు," అన్నాడు హరినాథ్. "కరెంటు రాగానే మిషన్ దానంతటదే తిరిగింది. ఈ లైటు సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంది. మన కంటికి తెలీదు, కెమెరాలో మాత్రం చారలుగా పడుతుంది. చక్కు వేగం దానితో కలిస్తే దవడలు నిలిచినట్టే కనిపిస్తాయి. ఆగి ఉందనుకుని దాని మీదికి వంగాడు, తుండుగుడ్డ చిక్కుకుంది. ఇందులో ఎవరి చెయ్యీ లేదు. తహీర్, నువ్వు ఇంటికి పోవచ్చు."

తహీర్ కదల్లేదు. లైటుకేసే చూస్తున్నాడు.

"ఆ లైటు నేను తెచ్చినా సార్," అన్నాడు. "భాయ్‌కి చూపు ఆనడం లేదని, నెల్లూరంతా తిరిగి అన్నిటికంటే వెలుగెక్కువుండేది చూసి తెచ్చినా. నేనే బిగించినా."

తహీర్ హరినాథ్ వైపు తిరిగాడు.

"ఏ లైటు తెచ్చుండాల సార్?"

మధ్యాహ్నం షెడ్డు నుంచి వెళ్ళాక హరినాథ్ ఒక లేత్ మేస్త్రీని అడిగి తెలుసుకున్నాడు. మిణుకు లేని లైటు. దానికి తోడు చక్కు మీదికి పాత ఫిలమెంటు బల్బు ఒకటి. అంతే. ఆ మాట చెప్పాడు. తన గొంతు తనకే పనికిమాలినదిగా వినబడింది.

"పాత బల్బు..." తహీర్ గొణిగాడు. "అది నేనే పీకి పారేసినా."

దీనికి హరినాథ్ దగ్గర ఏ సెక్షనూ లేదు. జైల్లో పెట్టడానికీ లేదు, ఆ భారం నుంచి విడిపించడానికీ లేదు.

జమాల్‌బీ వచ్చి మరిది పక్కన నేలమీద కూచుంది.

"ఆ లైటొచ్చినాక మీ భాయ్ ఎంత సంబరపడినాడో తెలుసా?" అంది. "కొయ్యలో నరాలన్నీ కనపడతా ఉండాయి, నా తమ్ముడు నాకు కళ్ళు తెచ్చిచ్చినాడని ఈదంతా చెప్పుకున్నాడు."

ఓదార్పుగానే అంది. తహీర్ ఆమె ఒళ్ళో తల పెట్టి, దెబ్బతిన్నవాడిలా అరిచాడు.