బంగారు రంగు బొమ్మ చేప

ఆగస్టు పదిహేను. ఆ తేదీ హర్షిణికి బాగా గుర్తు. బడిలో జెండా ఎగరేసి ఇంటికొచ్చి, ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నది. చెయ్యి కడుక్కుంటుండగానే నాయన పెరట్లోంచి పిలిచాడు.

నాయన శ్రీకాంత్ లారీ నడుపుతాడు. నంద్యాల బియ్యాన్ని కృష్ణపట్నం రేవుకు చేరుస్తాడు. అక్కడ లోడు దిగేలోపు ఉప్పుటేరులో పండుగప్ప చేపల కోసం గాలం వేస్తాడు. రేపు ఆదివారం. హర్షిణిని మొదటిసారి వెంట తీసుకుపోతానన్నాడు.

బట్టలుతికే తొట్టి నిండా నీళ్లున్నాయి. నాయన గాలానికి ఎరగా వేసే వేలంత బొమ్మ చేపను దారానికి కట్టి అందులో వదిలాడు.

"నీళ్లు తేటగా ఉంటే వెండి రంగుది. బురదగా ఉంటే ఈ బంగారు రంగుది. లాగు. ఇప్పుడు ఆపు. ఆపినప్పుడే పండుగప్ప మింగేది. ఊరికే లాగుతాంటే దగ్గరికి గూడా రాదు."

ఎదురింటి బ్లెస్సీ వచ్చి పెరటి గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ప్లాస్టిక్ ముక్కను తినే చేపలు గూడా ఉంటాయా మే?"

"ఉంటాయి. నీలాంటివి" అంది హర్షిణి.

ఇద్దరూ నవ్వుకున్నారు. బ్లెస్సీ లోపలికొచ్చి బంగారు చేపను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తిరిగి ఇచ్చేసి, "మాయమ్మ పిలుస్తాంది" అంటూ వెళ్లిపోయింది. హర్షిణికి మాత్రం ఏ పిలుపూ వినబడలేదు.

కాసేపటికి హర్షిణి బొమ్మ చేపల డబ్బా సర్దుతుంటే బంగారు చేప కనబడలేదు.

"దానికి మూడు గాలపు ముండ్లుండాయి. అవ్వ చెప్పుల్లేకుండా తిరుగుతాంటాది" అన్నాడు నాయన. "అది దొరికితేనే రేపు నువ్వు లారీ ఎక్కేది."

హర్షిణి తొట్టి చుట్టూ వెతికింది. బిందెల వెనక వెతికింది. ఎక్కడా లేదు. బ్లెస్సీ అంతసేపు ఎందుకు చూసింది? పిలవని అమ్మ పిలిచిందని ఎందుకు చెప్పింది? పోయిన నెల పోయిన రబ్బరు కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

వీధి దాటింది. బ్లెస్సీ గడప మీద కూర్చుని తల వంచుకుని ఏదో చేస్తోంది. ఆమె చేతిలో ఏదో బంగారు రంగులో తళుక్కుమంది. హర్షిణిని చూడగానే పిడికిలి వీపు వెనక్కి పోయింది.

"ఏందది?"

"ఏం లేదు."

"చెయ్యి చూపియ్యి."

"చూపియ్యను."

"దొంగ. నా చేప నాకియ్యి."

బ్లెస్సీ ముఖం చిన్నబోయింది. మెల్లగా పిడికిలి తెరిచింది. అందులో ఐస్‌క్రీమ్ పుల్ల ఉంది. బడిలో పంచిన చాక్లెట్ కాగితం దానికి చుట్టి, స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు పెట్టింది.

"నీది చూసి చేసుకున్నా. నవ్వుతావని దాచినా."

హర్షిణి గబుక్కున వెనక్కి తిరిగింది.

"ఆగు. కదలొద్దు" అంది బ్లెస్సీ. "నీ చేప నీ ఎనకే ఉండాది."

పావడ కుచ్చిళ్లలో ముండ్లు గుచ్చుకుని బంగారు చేప వేలాడుతోంది. దాన్ని తొట్టి గట్టు మీద పెట్టి, అక్కడే కూర్చున్న సంగతి హర్షిణికి అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి పెట్టి గుంజబోయింది.

"లాగొద్దు మే, చినుగుతాది. కొత్త పావడ."

బ్లెస్సీ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ముల్లే నిదానంగా విడదీసింది. ఒక్క పోగు కూడా తెగలేదు. "దొంగ" అన్న మాటను ఆమె తిరిగి ఎత్తనేలేదు.

పొద్దు గుంకేవేళ నాయన డబ్బా తెరిచాడు.

"ఏడుండాల. ఎనిమిదుండాయే. ఈ పుల్ల ఎవరిది?"

"బ్లెస్సీది. ముల్లు కట్టియ్యి నాయనా, రేపు ముందు అదే వేస్తాం." హర్షిణి తల వంచుకుంది. "నేను తనని దొంగన్నా. మల్ల పోయి, తప్పు నాదేనని చెప్పినా. రేపు పంపియ్యమని వాళ్లమ్మను అడిగినా. సరేనన్యాది."

"లారీలో కిటికీ పక్కన ఒకరే గదా కూచునేది?"

"బ్లెస్సీనే కూచుంటాది."

నాయన పుల్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "బురద నీళ్లకు బాగనే ఉంటాదిలే" అంటూ చిన్న ముల్లు కట్టాడు.

హర్షిణి డబ్బాను లారీలో కిటికీ పక్క సీటు మీద పెట్టింది. దిగి, రెండు చేతులతో తలుపును చప్పుడు కాకుండా మూసింది.