చేతికివ్వని చాకు

మేజర్ త్రికోటేశ్వరరావు టేబుల్ మీద ఒక మడతచాకు పెట్టాడు.

"దీన్ని గుర్తుపట్టగలవా, సెవెంటీన్?"

స్పెషల్ బ్యూరో ఏజెంట్ నంబర్ సెవెంటీన్ పేరు యోహాను. అతను చాకు తీసి విప్పాడు. దున్నకొమ్ము పిడి, మూడు ఇత్తడి మేకులు, వేలెడు ఉక్కు. మూస్తే టక్కుమంది.

"మాచర్ల చాకు సార్. ముప్పావలా. మా పల్నాడులో మొలతాడు లేని మగాడైనా కనపడతాడేమోగాని ఇది లేనివాడు కనపడడు."

"నిన్న కృష్ణ ఒడ్డున మనవాళ్ళ కాల్పుల్లో పోయిన జపాన్ కొరియర్ మొలలో కూడా ఇదే ఉంది. పిడి రేకు ఎత్తు."

కొమ్ము రేకు కింద సిగరెట్ కాగితమంత పల్చటి కాగితం. దాని మీద అంకెలు. బ్యూరో వాళ్ళు అప్పటికే డీకోడ్ చేశారు: పదిహేనో తేదీ, మాచర్ల, బ్రిగేడియర్.

అది 1943. బర్మా పోయింది. కలకత్తా మీద బాంబులు పడ్డాయి. కృష్ణ రేవులు సర్వే చెయ్యడానికి ఒక బ్రిగేడియర్ మాచర్ల వస్తున్న సంగతి గుంటూరులో నలుగురికి మించి తెలియదు. ఐదో వాళ్ళకు తెలిసిపోయిందని ఆ కాగితం చెబుతోంది.

"నీ కవర్, సానపట్టేవాడు. పేరు గురవయ్య," అన్నాడు మేజర్. "ఈ చాకులు చేసే సుభానీ కొట్టు ముందే మకాం పెట్టు. అక్కడ మన కాంటాక్ట్ సుశీల. నాటకాల కంపెనీలో హీరోయిన్. శత్రువుల రింగ్‌లో చేరి మనకు సమాచారం పంపుతోంది. కోడ్ వర్డ్, వేషం కట్టారా? జవాబు, రంగు ఆరలేదు."

తరవాత డ్రాయర్ తీసి రెండు వస్తువులు ఇచ్చాడు. ఒక్క తూటా పేలే ఫౌంటెన్ పెన్. మడమలో వైర్ కట్టర్ దాచిన చెప్పుల జత. రెండూ లండన్ సరుకే.

"మరి చాకు సార్?"

"అది నువ్వే కొనుక్కో. అంత చవక వస్తువులు బ్యూరో శాంక్షన్ చెయ్యదు."

*

సుభానీకి యాభై దాటాయి. చాకు అమ్మే ముందు కొనేవాడి బొటనవేలి గోరు చూస్తాడు. ఆ గోటికి తగ్గట్టు మేకు బిగిస్తాడు. "గోరు విరగ్గూడదు, జేబులో తెరుచుకోగూడదు. అంతే తమ్ముడూ చాకంటే," అంటాడు. బిగించాక చాకును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వడు. ముందున్న బండ మీద పెట్టి, "తీసుకో," అంటాడు.

యోహానుకు అదేం వింత కాదు. కత్తి చేతికి చేయి మారితే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పగ వస్తుందని నకరికల్లులో వాళ్ళమ్మ కూడా కత్తిపీటను నేల మీద పెట్టి జరిపేది.

తనూ ఒకటి కొనుక్కున్నాడు. పది రోజులు ఆ చాకే అతని లోకమైంది. చుట్ట కొన కోశాడు, ఉల్లిపాయ తరిగాడు, చెప్పు వారు తెగితే కొత్తది కోసి కట్టుకున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి సుభానీ భార్య సాబిరా జొన్నరొట్టె పంపేది. "వేరే ఊరోడివి, ఎవరు పెడతారు నీకు?" అనేది. గూఢచారికి ఇలాంటి కవర్ దొరకాలంటే పెట్టి పుట్టాలి.

పన్నెండో తేదీ మధ్యాహ్నం నాటకాల డేరా వెనక సుశీలను కలిశాడు.

"వేషం కట్టారా?"

"రంగు ఆరలేదు," అని నవ్విందామె. రంగు లేకపోయినా ఆ మొహం చూసి తూటా గురి తప్పుతుంది. "నాది గురజాలే. ఈ మట్టిలో పెరిగిన పిల్లనే. ఏదీ, మీ చాకు ఒకసారి."

యోహాను చాకును బెంచీ మీద పెట్టాడు. ఆమె తీసుకుని జామకాయ కోసింది. ఉప్పూ కారం అద్దింది. తరవాత చాకు మడిచి, నేరుగా అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు కాసేపు అక్కడే ఉంచింది.

యోహాను ఉలిక్కిపడ్డాడు. గురజాల పిల్లకు తెలియకుండా ఉంటుందా? పగ వస్తుందని తెలిసీ చేతికే ఇచ్చిందంటే, నన్ను తాకడానికేగా! ఇంత చనువా! ట్రైనింగ్‌లో నేర్పిందంతా ఆ నాలుగు వేళ్ళ కింద కరిగిపోయింది.

"చాకుల్లో కాగితాలు పెట్టేది సుభానీయే. నా కళ్ళతో చూశాను. పదిహేనున బాంబు పెట్టేది స్టేషన్ గూడ్స్ షెడ్‌లో," అందామె.

ఆ సాయంత్రమే రిపోర్ట్ వెళ్ళింది. తెల్లారేసరికి సుభానీ చేతులకు బేడీలు పడ్డాయి. కొలిమి తన్నేశారు. పనిముట్లు వీధిలో పారేశారు. అతను వెళుతూ వెళుతూ యోహాను దగ్గర ఆగి, "గురవయ్యా, కొట్టు చూస్తా ఉండు. మీ వదినకి ధైర్యం చెప్పు," అన్నాడు.

యోహాను తలెత్తలేదు. ఆ మధ్యాహ్నం కూడా రొట్టె వచ్చింది. మొగుణ్ణి పట్టించినవాడికి ఆ ఇల్లాలు వండి పంపిన రొట్టె. మింగుడు పడలేదు. శత్రువును పట్టానని తనకు తాను వందసార్లు చెప్పుకున్నాడు. నిజమైతే వందసార్లు ఎందుకు చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు.

*

పదిహేనో తేదీ. మాచర్ల స్టేషన్. బ్రిగేడియర్ ప్రయాణించే సెలూన్ పెట్టె తగిలించిన రైలు రెండుంబావుకు బయల్దేరాలి. సబ్ ఇన్‌స్పెక్టర్ జోసెఫ్ మనుషులంతా గూడ్స్ షెడ్ చుట్టూ కాపలా. సుశీల పట్టుచీరలో ప్లాట్‌ఫారం మీద నిలబడింది. బ్రిగేడియర్‌కు తన పాట నచ్చిందని, కానుకగా హార్మోనియం పంపుతున్నానని చెప్పింది. ఆ పెట్టెను సెలూన్ పక్కనున్న లగేజీ పెట్టెలోకి ఎక్కించింది యోహానే. కదలకుండా కట్టమని ఆమె అడిగితే, తడిపిన కొబ్బరితాడుతో గోడకున్న ఇనప కడ్డీకి నాలుగు చుట్లు చుట్టి ముడులు బిగించిందీ అతనే.

అదే రైల్లో సుభానీని గుంటూరు తీసుకెళుతున్నారు. కిటికీ దగ్గర సాబిరా నిలబడి ఉంది. యోహానుకు దాటిపోదామనిపించింది.

"రా తమ్ముడూ," అన్నాడు సుభానీ లోపల్నుంచి. "మీ వదిన జామకాయలు తెచ్చింది. చాకు ఉందిగా, కోసి పెట్టు. బేడీలేసినోడికి పోలీసోళ్ళు చాకు ఇయ్యరంట."

యోహాను కాయ కోశాడు. రెండోది తను కోస్తానని సాబిరా చెయ్యి చాచింది. పరధ్యానంలో అతను చాకు ఆమె చేతికి ఇవ్వబోయాడు.

"చేతికియ్యమాక! కింద పెట్టు," అని గద్దించాడు సుభానీ. "మీ వదినకీ నీకూ పగెందుకు? ఇన్నాళ్ళు మా రొట్టె తిన్నోడివి."

"మర్చిపొయ్యానన్నా."

"ఏంది మర్చిపొయ్యేది? ఇక్కడ పాలు తాగే పిల్లకి గూడా తెలుసు ఆ సంగతి. తెలవందల్లా బయటోళ్ళకే."

యోహాను చేతిలో చాకు ఆగిపోయింది.

బయటివాళ్ళకే. ఆమె అతన్ని తాకడానికి ఇవ్వలేదు. తెలియక ఇచ్చింది. ఆమెది గురజాల కాదు. గురజాల అబద్ధమైతే సుభానీ అబద్ధం, గూడ్స్ షెడ్ అబద్ధం. ఇక నిజం ఒక్కటే మిగిలింది. దాన్ని నాలుగు చుట్లు కట్టింది తనే.

పది నిమిషాలు ఆలస్యంగా రైలు కూసింది. కదిలింది.

"జోసెఫ్ గారూ, సుశీలను పట్టుకోండి!" అని అరుస్తూ పరుగెత్తి లగేజీ పెట్టెలోకి దూకాడు.

హార్మోనియం మూత సందులోంచి టిక్ టిక్ వినపడుతోంది. గడియారం కనిపించింది. అలారం ముల్లు రెండున్నర మీద ఉంది. టైము రెండు ఇరవై ఎనిమిది. గొలుసు లాగితే రైలు ఆగుతుందిగాని గడియారం ఆగదు. ఇటు పక్క సెలూన్, అటు పక్క పెట్టెలో బేడీలతో సుభానీ. మంచో చెడో బ్రిగేడియర్ యుద్ధానికి సిద్ధపడి వచ్చినవాడు. సుభానీ మాత్రం తన వల్ల ఈ రైలెక్కాడు.

ఫౌంటెన్ పెన్‌లోని ఒక్క తూటా నాలుగు చుట్ల తాడుకు చాలదు. చెప్పు మడమ తిప్పాడు. పది రోజుల పల్నాడు మట్టికి లండన్ స్క్రూ తుప్పు పట్టింది. కట్టర్ రాలేదు.

చాకు విప్పాడు. గోటికి సరిగ్గా అందింది. ఒక చుట్టు తెగింది. రెండు. తడి తాడు బిగుసుకుపోయి ఉంది. ఇంత గట్టిగా ఎందుకు కట్టావురా అని తనను తాను తిట్టుకున్నాడు. మూడు. నాలుగో చుట్టు కింద ఇనప కడ్డీకి తగిలి చాకు మొన విరిగింది. మిగిలిన అంచు చాలింది.

హార్మోనియం పెట్టెను కాళ్ళతో తలుపు దాకా తోశాడు. కింద వాగు వంతెన. వెనక్కి పడుకుని ఒక్క తన్ను తన్నాడు. వంతెన దాటుతుండగా వాగులో ఇసక తాటిచెట్టెత్తున లేచింది. రైలు అద్దాలన్నీ గలగలా రాలాయి.

పక్క పెట్టెలోంచి దుమ్ముకు ఎవరో గట్టిగా దగ్గారు. సుభానీ దగ్గే. ఆ దగ్గు విని యోహాను తలుపు దగ్గరే కూలబడి ఏడ్చేశాడు.

*

సుశీలను స్టేషన్ గేటు దగ్గరే పట్టుకున్నారు. పెరిగింది మలయాలోని పెనాంగ్‌లో, పనిచేసేది జపాన్‌కు. చాకుల రేకులు ఎత్తి కాగితాలు పెట్టిందీ ఆమే. "నన్ను ఎక్కడ పసిగట్టావు?" అని అడిగింది.

"జామకాయ దగ్గర," అన్నాడు యోహాను. సిగ్గుతో మిగతాది చెప్పలేకపోయాడు.

మూడో రోజున సుభానీ విడుదలై కొలిమి మళ్ళీ నిలబెట్టుకుంటుంటే యోహాను వచ్చాడు. మొన విరిగిన చాకును బండ మీద పెట్టాడు.

"అన్నా, నా పేరు గురవయ్య కాదు. నేను బ్యూరో మనిషిని. నిన్ను పట్టించింది నేనే."

లోపల రొట్టె తడుతున్న చప్పుడు ఆగిపోయింది. సుభానీ చాకు తీసుకున్నాడు. యోహాను తెచ్చిన సానరాయి మీదే కొత్త మొన తీశాడు. చాలా సేపు పట్టింది. ఆ సేపంతా యోహాను నిలబడే ఉన్నాడు.

సుభానీ చాకు మడిచాడు. బండ మీద పెట్టలేదు. చెయ్యి చాచాడు.

"కింద పెట్టన్నా," అన్నాడు యోహాను.

"దేనికి? పగొస్తదని గదా కింద పెట్టేది. నీ చేతికి ఒక్కసారన్నా ఇయ్యకముందే నా చేతులకి బేడీలు పడినై. ఇంక కొత్తగా వచ్చేదేముంది? పట్టు."

యోహాను రెండు చేతులూ పట్టాడు.

లోపల్నుంచి సాబిరా గొంతు వినిపించింది.

"తిని పో. ముందు నీ అసలు పేరేందో చెప్పు. పది రోజులు ఎవరికి పెట్టానో నాకూ తెలవాల."