పొయ్యి వైపు పక్క

ఆ చలికాలం మా గదిలో గాలి దూరే సందు ఒక్కటి కూడా మిగలకూడదని పంతం పట్టింది నేనే. ఎవర్నీ అనడానికి లేదు. పిండి జిగురు ఉడకబెట్టి, పాత పేపర్లు చింపి, కిటికీ చుట్టూ, తలుపు సందుల్లో మూడేసి పొరలు అంటించాను. సియోల్‌లో కొండ మీద అద్దెగది అంటే గోడలు పేరుకే. మా బునికి అప్పుడు ఐదేళ్ళు. మంచు మొదలైనప్పట్నుంచీ ఒకటే దగ్గు. ఇంకోసారి చలి తగిలితే పిల్ల దక్కదని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. మా ఆయన లారీతో బూసాన్ వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేదాకా మాకున్నవి ఏడు బొగ్గుబిళ్ళలు.

పొదుపులో మా అత్తయ్యను మించినవాళ్ళు ఆ కొండ మీద లేరు. వంటింటి పొయ్యి వేడి గది నేల కిందుగా పోతుంది కదా, ఆ పొయ్యికి అడుగున గాలి కంత ఒకటి ఉంటుంది. అందులో గుడ్డపీలికలు కుక్కితే బిళ్ళ నిదానంగా కాలి తెల్లారేదాకా వస్తుంది.

"ఇంకాస్త లోపలికి కుక్కవే. మీ పుట్టింటివాళ్ళు బొగ్గుగని ఏమైనా రాసిచ్చారా?"

"రాసిస్తే మీతో ఈ మాటలెందుకు పడతాను అత్తయ్యా" అంటూనే కుక్కాను.

ఆ సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. బయట మంచు. ముల్లంగి ఆకు చారు తాగేసి, లైటు దండగని పక్కలు పరిచేశాం. పొయ్యి వైపు గోడ దగ్గర నేల అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది. ఏ ఇంట్లోనైనా ఆ చోటు పెద్దవాళ్ళది. ఆ పూట అత్తయ్య తన చోటు మనవరాలికి ఇచ్చి, తను పక్కకి జరిగింది. ఆవిడ నోరు ఎలాంటిదైనా మనసు మంచిది.

మంచు పడితే కొండ మీద చప్పుళ్ళన్నీ ఆగిపోతాయి. అత్తయ్య గురక ఒక్కటే వినిపిస్తోంది. జిగురు వాసన, పులియడానికి గోడకు వేలాడదీసిన సోయా ముద్దల వాసన. కాసేపటికి చేయి చాచి చూస్తే బుని తన చోటులో లేదు. కిటికీ కింద చల్లటి నేల మీద ముడుచుకుని ఉంది.

"ఏమే, అక్కడికెందుకు పోయావ్?"

"జరగమంది అమ్మా."

"ఎవరే?"

"ఆ పాప. తనకి చలేస్తోందట."

కలవరిస్తోందనుకున్నాను. ఎత్తుకొచ్చి మళ్ళీ వెచ్చని చోటులో పడుకోబెట్టి, దుప్పటి మెడ దాకా కప్పాను.

నాకు కన్ను మూతపడిందో లేదో, నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడు. బుని మళ్ళీ కిటికీ కిందే.

"నెడుతోందమ్మా… చేతులు చల్లగా ఉన్నాయి…"

"చాల్లే నీ వేషాలు!" అని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. పిల్ల తల వాలిపోయింది. నిద్రమత్తనుకున్నాను. ఎంత మొద్దుదాన్ని! నా తలా దిమ్మెక్కి ఉంది, అదీ పట్టించుకోలేదు.

తర్వాత నాకు మెలకువ వచ్చింది గురక ఆగిపోయినందుకు.

కణతలు పగిలిపోతున్నాయి. చీకట్లో తడిమితే బుని తగిలింది. కిటికీ కిందే… ఒళ్ళు చల్లగా… ఊపిరి సన్నగా.

మరి పొయ్యి వైపు దుప్పటి ఎందుకు ఎత్తుగా ఉంది?

చెయ్యి వేశాను. చిన్న ఒళ్ళు. కింద నేల కాలిపోతోంది. అయినా ఆ ఒళ్ళు వణుకుతోంది…

అప్పుడు తెలిసింది నాకు. బొగ్గు విషం. నేల పగిలితే ఆ విషపు గాలి ముందు వచ్చేది ఆ వెచ్చని చోటుకే. పోయి పోయి నా బిడ్డను అక్కడే పడుకోబెట్టాను, రెండుసార్లు.

లేద్దామంటే కాళ్ళు స్వాధీనంలో లేవు. పాకాను. తలుపు… నేను అంటించిన కాగితం. గోళ్ళు ఊడేలా గీకాను.

చెవి పక్కనే గుసగుస.

"తీయకు… చలి…"

నా మడమ మీద చిన్న చెయ్యి పడింది. మంచుగడ్డ.

"నా బిడ్డ చచ్చిపోతుంది… వదులు!"

"తీయకు…"

తలతో కొట్టాను తలుపుని. మళ్ళీ కొట్టాను. కాగితం చిరిగింది. తలుపు ఊడింది. మంచులో బోర్లా పడి, ఎంత గొంతుంటే అంతా పెట్టి అరిచాను. పక్కింటి దోంగ్నే పిన్ని పరిగెత్తుకొచ్చింది. బునిని నేను ఈడ్చాను. అత్తయ్యను ఆవిడ ఈడ్చింది. ఆ తర్వాత నాకు తెలీదు.

కళ్ళు తెరిచేసరికి పిన్ని ఇంట్లో ఉన్నాను. నోట్లో పుల్లటి ముల్లంగి ఊరగాయ నీళ్ళు. బొగ్గు విషానికి మా కొండ మీద అదే మందు. అత్తయ్య గోడకు ఆనుకుని, "ఆ చోటు నేనే ఇచ్చానే, నేనే ఇచ్చాను" అని గుండెలు బాదుకుంటోంది. బుని నా ఒళ్ళో ఏడుస్తోంది. ఆ ఏడుపు విని నేను నవ్వాను, ఏడ్చాను, ఏం చేశానో నాకే తెలీదు.

పిన్ని గిన్నె పక్కన పెట్టి, "పెద్దదానికి గండం గడిచిందిలే" అంది. "చిన్నదానికే, ఎంత రుద్దినా కాళ్ళు వేడెక్కట్లేదు. పక్క గదిలో మా మనవడి పక్కన పడుకోబెట్టి, గాలి రాకుండా తలుపు వేసొచ్చాను."

నాకున్నది బుని ఒక్కతే.

"చిన్నదెవరు పిన్నీ?"

"అదేంటే! నువ్వు మంచులో పడ్డప్పుడు నీ లంగా అంచు పట్టుకుని వెనకే నడిచొచ్చిందిగా."

బునిని అత్తయ్య ఒళ్ళో పడేసి ఆ గది వైపు పరిగెత్తాను. తలుపు అవతల పిల్లాడు మెలకువగానే ఉన్నాడు. "జరుగుతాలే" అంటూ ఎవరికో తన పేరు చెబుతున్నాడు.