పదకొండు సెకన్ల పీలిక

పొద్దున ఎనిమిదికి తాడిపత్రిలో పెన్న వంతెన పక్కన స్కూటర్ బండ్లు వాటంతటవే వరుస కట్టాయి. ఎక్కినవాళ్లు దిగలేదు. దిగే పని పోయి నాలుగేళ్లయింది. బండికి నలత చేస్తే అదే పోయి మరమ్మతు గూట్లో దూరుతుంది. పైనుంచి మరచెయ్యి దిగి మూడు నిమిషాల్లో పని తేలుస్తుంది. గూటి అద్దం మీద అక్షరాలు వెలుగుతాయి: "హస్తం: దస్తగిరమ్మ, తాడిపత్రి."

ఆ దస్తగిరమ్మ గూటి ముందే నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది.

ముప్పై ఏళ్లు ఎలక్ట్రిక్ బండ్లు విప్పిన మనిషి. బడి మెట్టు ఎక్కలేదు గానీ, మోటారు రొద విని లోపల ఏ తీగ వదులైందో చెప్పేది. "నీ విద్య నీతోనే పోగూడదమ్మా" అని కంపెనీవాళ్లు వచ్చి ఆమె చేతులకు గ్రాహితొడుగు తొడిగారు. వేళ్ల కదలికనీ, పట్టునీ, బరువునీ తాగేసే తొడుగు అది. రెండేళ్లు దాంతోనే పనిచేసింది. తర్వాత ఊరూరా గూళ్లలో ఆమె చేతులు మొలిచాయి. ఆమె కొట్టు మూతపడింది. మనిషి చేత్తో బండి ముట్టుకుంటే నేరమని చట్టం కూడా వచ్చింది. అయినా ఏడవలేదు. ఎక్కడున్నా నా చేతులే కదా అనుకుంది. పిచ్చిది.

నిన్న సాయంత్రం కుళ్లాయమ్మ ఇదే వంతెన దిగుడులో బండి మీంచి పాల క్యాన్లతో సహా పడింది. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. ఆ చిన్నప్పటి స్నేహితురాలు ఆసుపత్రి మంచం మీద నుంచి అన్న మాట దస్తగిరమ్మ చెవిలో ఇంకా కాలుతోంది.

"బ్రేకు పట్టినా మోటారు లాగతానే ఉండె మే. పొద్దున్నే గూట్లో బాగుచేయించినా. అద్దం మీద నీ పేరే పడె. నీ చెయ్యే కదా అని ధైర్యంగా పోయినా."

బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆపే బుల్లి స్విచ్చి ఒకటి పిడిలో ఉంటుంది. వానకు తడిసి అది ఇరుక్కుపోతే, ఎవరో బ్రేకు పట్టుకునే ఉన్నారనుకుని బండి మొరాయిస్తుంది. దారిలో చిక్కుకున్నవాళ్ల కోసం దస్తగిరమ్మ ఆ స్విచ్చి ప్లగ్గు పీకేసేది. బండి కదిలేది. కానీ ఇక బ్రేకు పట్టినా మోటారు ఆగదు. అందుకే వెంటనే పిడికి ఎర్ర గుడ్డ పీలిక కట్టేది. ఇది బాగుపడలేదు, మెల్లగా పో, తెల్లారి రా అని దానర్థం. పీలిక కట్టిన బండి కనబడితే లారీవాళ్లు కూడా దారిచ్చేవాళ్లు. తెల్లారి కొత్త స్విచ్చి వేసి, ముడిని పంటితో విప్పేది.

మరచెయ్యి ప్లగ్గు పీకుతోంది. పీలిక కట్టడం లేదు.

గూటి వెనకనుంచి కంపెనీ ఇంజనీరు హేమచంద్ర పలక పట్టుకుని వచ్చాడు. తొడుగు రోజుల్లో రెండేళ్లు ఆమె పక్కనే కూర్చుని, ఆమె చేసిన ఉగ్గాని తిన్నవాడు.

"అక్కా, ఒక్క వేలిముద్ర వెయ్యి. 'హస్తదాత పొరపాటు' అని రాసినాం. నీకేం కాదు, కేసు మూసేస్తాం."

"పీలిక ఏమైంది హేమా?"

"ఏ పీలిక?"

"నా ఇంట్లో తింటా నువ్వే అడగలా, ఈ గుడ్డ ఎందుకక్కా అని? నేను చెప్పలా?"

అతను తల దించుకున్నాడు. "చెప్పినావు. రాసినా కూడా. బండికి పదకొండు సెకన్లు పోతాందని పైవాళ్లు ఒప్పుకోలా. వృథా కదలిక కింద కొట్టేసినాం."

"కొట్టేసినారా, కొట్టేసినావా?"

"...కొట్టేసినా."

తెలియక చేసుంటే నాలుగు తిట్టి వదిలేసేది. తెలిసే చేశాడు. తిన్న చేత్తోనే చేశాడు.

"మరి పీకేది మాత్రం ఎందుకుంచినావురా?"

"అది అన్నిటికన్నా వేగం అక్కా. స్విచ్చి మార్చను అరగంట. బండి కదిలితే చాలు, బాగైనట్టే లెక్క దానికి."

దస్తగిరమ్మ అతన్ని పక్కకు నెట్టి గూట్లోకి పోయింది. లోపలి బండి మీద పూలమ్మే ముసలాయన కూర్చుని ఉన్నాడు. పీకిన ప్లగ్గు వేలాడుతోంది. దాన్ని తిరిగి గుచ్చింది.

"తాకొద్దక్కా, కేసవుతాది!"

"కానీలే. కుళ్లాయమ్మ కాలి మీద ఎట్లాగూ నా పేరే ఉండాది."

మరచెయ్యి దిగింది. ప్లగ్గును నొక్కి, కొంచెం ఎడమకు వంచి పీకింది. దస్తగిరమ్మ ఆ వంపును గుర్తుపట్టింది. చిన్నప్పుడు సైకిలు గొలుసులో పడి ఆమె బొటనవేలు వంకరపోయింది. ఆ వేలితో నేరుగా లాగలేక ఎడమకు వంచేది. ఈ ఇనుముకు వంకర వేలు లేదు. వంచడం మాత్రం ఉంది.

మళ్లీ గుచ్చింది. అది మళ్లీ పీకింది, ఎడమకు వంచి.

చీర అంచు ఎర్రది. పర్రున చించి పిడికి కట్టి, రెండు ముళ్లు వేసింది.

"ఏందిమా ఇది?" అన్నాడు ముసలాయన.

"బండి బాగు కాలేదు పెద్దాయనా. ఎక్కొద్దు."

ఆయన గుడ్డను వేళ్లతో తడిమాడు. "ఓహో, ఈ పీలికా! మర్సేపోతిమి కదా." బండి దిగి, పూలబుట్ట నెత్తిన పెట్టుకున్నాడు. వరుసలో వెనక ఉన్న ఆడమనిషి కూడా దిగింది. దిగి, తన బండి పిడి వైపు అనుమానంగా చూసింది. ఆ వెనకాయన భుజం మీది తువ్వాలు తీశాడు. అది ఎర్రది కాదు. అయినా చించాడు.

మరచెయ్యి పీలికను పట్టుకుని లాగింది. జారింది. ముడి విప్పడం అది ఏనాడూ నేర్వలేదు. తొడుగుకు పళ్లు లేవు మరి. గూటి నెత్తిన ఎర్రదీపం వెలిగింది, వరుస ఆగిపోయింది.

"అక్కా, విప్పక్కా. లైనంతా నిలబడిపోయె. నా ఉద్యోగం పోతాది."

ఆమె తన రెండు చేతుల వైపు చూసుకుంది. కుళ్లాయమ్మ నమ్మిన చేతులు.

"నా చెయ్యి నీ దగ్గరే ఉంది కదరా," అంది. "దాంతోనే విప్పించుకో."

మరచెయ్యి మళ్లీ దిగింది. ముడిని నొక్కి, కొంచెం ఎడమకు వంచి లాగింది. ముడి ఇంకా బిగుసుకుంది.