తాతయ్య వేలి చప్పుడు

కొత్త కోడలికి పొద్దున్నే నవ్వడం ఒక జబ్బు. స్నానాల గదిలో ఒకే కప్పులో భుజం భుజం రాసుకుని నిలబడ్డ రెండు బ్రష్షులను చూస్తే నవ్వొస్తుంది. మొగుడు చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని, అద్దంలో చూసుకుని కూడా కనిపెట్టలేకపోతే నవ్వొస్తుంది. ఊరందరి చూపూ సరిచేసే కళ్ళద్దాల దుకాణం అతనిది మరి. "దీపం కింద చీకటంటే ఇదేనండీ" అని ఆమె గుండీలు సరిచేస్తుంటే, "అందుకే కదా టీచరమ్మని చేసుకున్నాను" అంటాడతను. పెళ్ళయి మూడు నెలలు కావస్తున్నా ఆ మాట ఇంకా పాతబడలేదు.

ఆ రోజు మాత్రం గుండీల మీద ఆమె వేళ్ళు తడబడ్డాయి.

"అక్కకి చెప్పేశావా?" అన్నాడతను మెల్లగా.

"లేదండీ. బడి నుంచి సందేశం వెళ్తుంది. ఈపాటికి చూసే ఉంటారు."

అక్క అంటే అతని పెద్దక్క. ఆసుపత్రిలో నర్సు. పిల్ల పాలు మరవకముందే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, ఆ పిల్ల మీదే ప్రాణాలన్నీ పెట్టుకుని బతుకుతోంది. పిల్లని ఇంట్లో అందరూ గువ్వ అంటారు. గువ్వ చదివేది కొత్త కోడలు లెక్కలు చెప్పే ప్రభుత్వ బడిలోనే. ఈ ఏడు నుంచి ఆ బడిలో మార్కులు తీసేశారు. ఏది నేర్చుకున్నా పిల్లలు తమంతట తాము చేసి చూపించాలి. ఇద్దరు టీచర్లు చూసి, 'సిద్ధం' అని ఇద్దరూ సంతకం పెడితేనే పై తరగతి. రాకపోతే 'ఇంకా సిద్ధం కాలేదు' అంటారు. వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చూపించుకోవచ్చు. ఆ బడిలో లెక్కల టీచర్లు ఇద్దరే. రెండో ఆయన గువ్వ కాగితం ముందుకు జరిపి, "మీ ఇంటి పిల్ల కదా. మీరు పెడితే నేనూ పెడతాను" అన్నాడు. ఆమె పెట్టలేదు.

వీధి తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు గట్టిగా వినిపించింది. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన వదిన, చేతిసంచీ కూడా దించకుండా ఫోను బల్ల మీద పెట్టింది.

"ఏంటిది మరదలా?"

భర్త కలగజేసుకున్నాడు. "అక్కా, ముందు కూర్చో. టీ తాగు. నేను పెడతాను."

"నువ్వు మాట్లాడకు. పెళ్ళాం వచ్చాక నీకు టీ పెట్టడం కూడా వచ్చింది, సంతోషం." వదిన ఫోను ముందుకు తోసింది. "ఆ రెండో మాస్టారికి ఫోన్ చేసి కనుక్కున్నాను. పరాయివాడు పెడతానన్నాడట కదా సంతకం! సొంత అత్త పెట్టనందిట! దాని స్నేహితురాళ్ళంతా పై తరగతిలోకి వెళ్తుంటే ఇది ఒక్కతే కింద కూర్చోవాలా? ఏం పాపం చేసింది నీకు?"

"పాపం కాదు వదినా. ఆరుగురికి సరిపడే రొట్టెకి ముప్పావు కప్పు పిండి కావాలి, నలుగురికైతే ఎంత అని అడిగాం. కప్పు దాటిపోయేంత రాసింది. ఆరుగురికి ముప్పావు చాలినప్పుడు నలుగురికి అంతకంటే ఎక్కువెలా అవుతుందని దానికి అనిపించలేదు. రాయడం, నా మొహంలోకి చూడటం. చెరపడం, మళ్ళీ చూడటం. అంతే."

హాల్లో కుర్చీ కిర్రుమంది. మామగారు లేచి నిలబడ్డారు. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా వీధి వీధంతా ఆయన్ని ఇంకా పెద్ద మాస్టారనే పిలుస్తుంది. రోజూ పొద్దున్న ఆ కుర్చీలో కూర్చుని మనవరాలికి లెక్కలు చెప్పేది ఆయనే.

"అంటే నేను చెప్పిన చదువు చాల్లేదన్నమాట" అన్నారాయన.

"అయ్యో, అలా కాదు మామయ్యగారూ."

"మరెలా? ఫెయిలన్న మాటకి కొత్త చొక్కా తొడిగి 'ఇంకా సిద్ధం కాలేదు' అంటే తియ్యగా ఉంటుందా? నా చేతి కింద చదివినవాళ్ళు ఎందరు పెద్దవాళ్ళయ్యారో ఈ వీధిలో అడుగు. ఇది రోజూ నా ముందు ఇంతకంటే కష్టమైన లెక్కలు చేస్తోంది. మీ బడిలో పిల్లల్ని బెదరగొడుతున్నారు."

వంటింట్లోంచి అత్తగారు గరిటె పట్టుకునే వచ్చారు. "పొద్దున్నే ఈ గొడవేంటర్రా! పిల్ల వింటోంది."

పిల్ల విననే వింది. మెట్ల మీద, జడ సగం అల్లుకుని, రెండో సగం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది గువ్వ.

"ఇలా రా అమ్మా" అన్నారు పెద్ద మాస్టారు. "పలక తెచ్చుకో. మీ అత్తే కళ్ళారా చూస్తుంది."

ఎవరూ వద్దనలేదు. వదిన చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది. గువ్వ వచ్చి తాతయ్య కుర్చీకి ఎప్పుడూ కూర్చునే పక్కనే, నేల మీద కూర్చుంది.

"ఎనిమిది మందికి కప్పులో మూడింట రెండొంతుల నూనె కావాలి. ఆరుగురికి?"

గువ్వ రాయడం మొదలుపెట్టింది. మూడింట రెండు, గుణకారం గుర్తు, పైన ఎనిమిది. బడిలో చేసిన తప్పే.

టక్.

చిన్న చప్పుడు. కుర్చీ చేతి మీద మామగారి వేలి ఉంగరం తగిలిన చప్పుడు. గువ్వ సుద్దముక్క ఆగింది. ఎనిమిదిని చెరిపి, అక్కడ ఆరు వేసింది. ఇంకెక్కడా ఆగకుండా చకచకా దించేసి, "అర కప్పు!" అంది.

"భేష్!" అన్నారు పెద్ద మాస్టారు. వదిన కళ్ళు మెరిశాయి. "ఇప్పుడేమంటావ్ మరదలా?"

కోడలు కుర్చీ చేతి వైపు చూసింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్న ఆ చప్పుడు వింటూనే ఉంది. గడియారం చప్పుడులా, కుళాయి చుక్కలా, ఇంటి చప్పుళ్ళలో అదొకటి అనుకుంది. ఎంతో ముద్దుగా కూడా అనిపించేది. ఇప్పుడు ఆ చప్పుడేంటో తెలిసింది. మామగారి ముఖం చూసింది. ఆ ముఖంలో మోసమేమీ లేదు, గెలిచిన సంతోషం తప్ప. ఆయన వేలు ఏం చేస్తోందో ఆయనకే తెలియదు.

చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల బతుకంతా పక్క కుర్చీ వైపు చూస్తూనే ఉంటుంది.

"ఇంకొక్క లెక్క మామయ్యగారూ" అంది. భర్త పెట్టిన టీ గ్లాసు తీసుకెళ్ళి ఆయనకిచ్చింది. "నిండుగా ఉంది. రెండు చేతులతో పట్టుకోండి."

ఆయన పట్టుకున్నారు.

"గువ్వా, నలుగురికి అర కప్పు పాలు. ఆరుగురికి?"

గువ్వ అర రాసింది. గుణకారం పెట్టి, పైన నాలుగు వేసింది. ఆగింది. తాతయ్య మొహంలోకి కాదు, కుర్చీ చేతి వైపు చూసింది. అక్కడ చెయ్యి లేదు. కింద ఆరు వేసింది. మళ్ళీ చూసింది. "కప్పులో మూడో వంతు" అంది, సగం ప్రశ్నలా.

అర కప్పు కంటే మూడో వంతు తక్కువని అక్కడున్న అందరికీ తెలుసు.

"తాతయ్యా" అంది గువ్వ చిన్నగా, "వేలు కొట్టలేదేం?"

"ఏ వేలు?"

అత్తగారే అన్నారు. "మీకు తెలీదా ఏంటి? తప్పు రాగానే టక్కుమంటారు. నేను కూరగాయలవాడి దగ్గర చిల్లర తప్పు లెక్కపెడితే వాకిట్లోంచి టక్కుమంటారు. ఇన్నేళ్ళలో నాకు కూడికలు రాకపోవడానికి కారణం ఏంటనుకున్నారు?"

మామూలప్పుడైతే ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు నవ్వలేదు. పెద్ద మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తన చేతిని ఎవరిదో చెయ్యిలా చూసుకున్నారు. తర్వాత లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

"తృప్తిగా ఉందా?" అంది వదిన. "పిల్లనీ ఓడించావు, మా నాన్ననీ ఓడించావు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!"

కోడలు పెరటి మెట్ల మీద కూర్చుని, తీగ మీంచి తీసిన బట్టలు మడతపెట్టింది. మడతపెట్టిందే విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆదివారం కాబట్టి బడి లేదు, పారిపోవడానికి చోటు లేదు. భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. తన చొక్కా తనే తీసుకుని వంకరగా మడతపెట్టాడు. ఆ వంకర చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

"నేను ఏకాంతంగా చెప్పి ఉండాల్సిందండీ. అందరి ముందూ పెద్దాయన్ని..."

"ఉండాల్సిందే" అన్నాడతను. "కానీ చెబితే నాన్న నమ్మేవాడు కాదు."

గువ్వ వచ్చి ఆమె ఒడిలోని తువ్వాలు పక్కకి తోసి ఆ చోట్లో దూరింది.

"నా మీద కోపమా?" అంది కోడలు.

"లేదు. బడిలో నీ మొహం చూశానత్తా. ఇంట్లో ఎప్పుడూ నవ్వుతూనే ఉంటావు కదా. ఒప్పు చేస్తే నవ్వుతావనుకున్నా. అక్కడ నువ్వు నవ్వలేదు. ఏం చెయ్యాలో తెలీలేదు."

కోడలు చేతిలోని బట్ట పక్కన పెట్టింది. మామగారి వేలు సంగతి కనిపెట్టానని మురిసిన తను, తన పెదవుల సంగతి కనిపెట్టలేదు. ఈ ఇంట్లో పిల్లకి అరటిపండు ఒలిచి నోట్లో పెట్టనివాళ్ళెవరు? ఒకరు వేలితో, ఒకరు నవ్వుతో. వదినైతే బూట్ల లేసులు కూడా ఇంకా తనే కడుతుంది.

వెనక తలుపు తెరుచుకుంది. పెద్ద మాస్టారు గడప మీద నిలబడ్డారు. కోడలు లేవబోయింది.

"కూర్చో అమ్మా."

"తప్పయిపోయింది మామయ్యగారూ. అందరి ముందూ అలా..."

"తప్పులెన్నే ఓపిక ఇవాళ నాకు లేదు." ఆయన మెట్టు మీద మెల్లగా కూర్చున్నారు. "తరగతిలో నాకు కుర్చీ ఉండేది కాదు. బల్ల మీద సుద్దముక్కతో కొట్టేవాణ్ణి. ఇప్పుడు గుర్తొస్తోంది. నేను కొట్టగానే తరగతి తరగతంతా ఒక్కసారి చెరిపేది. నా పిల్లలు ఎంత చురుకైనవాళ్ళో అని మురిసిపోయేవాణ్ణి." ఆయన వేలి ఉంగరం తిప్పుకున్నారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమని వాళ్ళకి పాఠం చెప్పాను. రచ్చలో సుద్దముక్క కొట్టేవాడెవడమ్మా? వాళ్ళంతా ఇప్పుడు ఎక్కడెక్కడ కూర్చుని, ఎవరి వేలి వైపు చూస్తున్నారో!"

గువ్వకేం అర్థమైందో కానీ, వెళ్ళి తాతయ్య మోచేతికి ఆనుకుని కూర్చుంది. ఆయన దాని సగం జడ చేతిలోకి తీసుకుని అల్లబోయి, ఆగి, వదిలేశారు.

"నువ్వే అల్లుకో" అన్నారు.

అది వంకరగా అల్లుకుంది.

మర్నాటి నుంచి పాఠం మళ్ళీ మొదలైంది. పెద్ద మాస్టారు శాలువా కప్పుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. ఎండలో శాలువా ఏంటని వీధిలో ఒకరిద్దరు అడిగితే, "పెద్దతనం నాయనా, చలి" అనేవారు. కోడలు అటు వెళ్ళాల్సి వస్తే మొహం గోడవైపు తిప్పుకుని వెళ్ళేది. "మన ఇంట్లో అందరికీ ఏదో జబ్బు పట్టుకుంది" అని అత్తగారు గొణిగేవారు. కొన్నాళ్ళు గువ్వ ఏడ్చింది. సుద్దముక్క విసిరేసింది. తప్పు మీద తప్పు చేసి, తప్పుతోనే లేచి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఆ రోజుల్లో వదిన మరదలితో ముభావంగానే ఉంది. పిల్ల లేసులు తనే కట్టుకోబోయి బడికి ఆలస్యమైనప్పుడు మాత్రం ఏమీ అనలేదు.

ఒక పొద్దున్న, కోడలు వంటింటి తలుపు సందులోంచి చూస్తోంది. వదిన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, సంచీ భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయింది. పలక మీద లెక్క. ఆరుగురికి ముప్పావు కప్పు, తొమ్మిది మందికెంత? గువ్వ ఆరు పైన వేసి, తొమ్మిది కింద వేసి, "అర కప్పు" అని రాసింది.

తప్పు. శాలువా కింద పెద్ద మాస్టారి భుజం కదిలింది. అత్తగారు నోరు తెరవబోయి పమిట చెంగు అడ్డం పెట్టుకున్నారు. గుమ్మంలో వదిన సంచీ పట్టీని గట్టిగా పట్టుకుంది.

గువ్వ సుద్దముక్క గీక్కుంటూ కూర్చుంది. "తొమ్మిది మంది" అంది తనలో తను. "తొమ్మిది మంది వస్తే... పిండి తగ్గిందేంటి? ముగ్గురు పస్తుండాలా?" మోచేత్తో పలక తుడిచేసింది. తొమ్మిది పైకి వచ్చింది, ఆరు కిందికి వెళ్ళింది. పెదవులు కదుపుతూ, వేళ్ళు ముడుస్తూ, చాలాసేపు చేసింది. ఒక కప్పు, ఇంకొక కప్పులో ఎనిమిదో వంతు. దాని కింద గట్టిగా గీత గీసింది.

పలక గోడకి ఆనించి లేచింది. బూట్లు వేసుకుని, లేసులు తనే కట్టుకుని, "అమ్మా, వచ్చావా? అడ్డం జరుగు" అంటూ తల్లి పక్కనుంచి వీధిలోకి తుర్రుమంది.

వదిన పిల్ల వెళ్ళిన వైపు తిరిగి చూసింది.

"అడగలేదు" అన్నారు పెద్ద మాస్టారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు రావడం లేదు. "చూశావా అమ్మా? ఒప్పా తప్పా అని ఎవర్నీ అడగనైనా అడగలేదు."

వదిన సంచీ కింద పెట్టి, వంటింటి తలుపు తోసుకుని వచ్చి మరదల్ని గట్టిగా కావలించుకుంది. "సంతకం నువ్వు ఎప్పుడు పెడితే అప్పుడే పెట్టు" అంది ఆమె భుజంలోకి. "నేనింక అడగను."

"నన్ను కాస్త లేపండర్రా" అన్నారు హాల్లోంచి పెద్ద మాస్టారు, ఏడుస్తూనే నవ్వుతూ. "వేళ్ళు తిమ్మిరెక్కాయి."