నాగవేణికి రాని ఫోన్లు

చోడవరం మెయిన్‌రోడ్డులో మందుల షాపు మేడమీద డిటెక్టివ్ శ్యాంప్రసాద్ ఆఫీసు. ఆ ఉదయం వచ్చిన నాగవేణి కుర్చీ అంచున కూర్చుంది.

“నాకు పెళ్లయిపోయిందని ఎవరో సెప్తన్నారండి.”

ఆమె ల్యాబ్ టెక్నీషియన్. తల్లి పోయాక అన్న పెదబాబుతో ఉంటోంది. ఏడాది కిందట, దిలీప్ నడిపే పెళ్లిసంబంధాల వెబ్‌సైట్లో తనే పేరు పెట్టుకుంది. ఒక్క ఫోనూ రాలేదు. తనెవరికీ అక్కర్లేదనుకుని అద్దం చూసుకోవడం కూడా తగ్గించేసింది. నిన్న మాడుగుల బస్సులో ఒకావిడ వెబ్‌సైట్లో ఫొటో చూసిన గుర్తుతో పలకరించి, “మా తమ్ముడు ఫోన్ చేస్తే మీకు పెళ్లయిపోయిందన్నారు” అందట.

ఆమె లాగిన్ తెరిచి చూసింది అసిస్టెంట్ ప్రవల్లిక. “నంబరు సరిగ్గానే ఉంది సార్. నచ్చినవాళ్లకి మెసేజ్‌లో వెళ్తుంది.”

“అయితే నచ్చినట్టు నొక్కి ఒక మెసేజ్ తెప్పించు,” అన్నాడు శ్యాంప్రసాద్.

మెసేజ్ వచ్చింది. పేరు నాగవేణిదే, నంబరు వేరు. “భలే పట్టారు సార్!” అంది ప్రవల్లిక.

సాయంత్రానికి వెబ్‌సైట్ కోడ్ తెప్పించుకుని చదివి, శ్యాంప్రసాద్ దిలీప్‌నీ నాగవేణినీ ఆమె అన్ననీ పిలిపించాడు.

“నా కోడ్‌లో తప్పు లేదండి,” అన్నాడు దిలీప్.

“నాగవేణి వివరాల కట్ట, అంటే ఆబ్జెక్ట్‌లో, ఆమె ఫోన్ ఉంది. దాని లోపల ఇంటి పెద్ద వివరాలతో ‘పెద్దదిక్కు’ అని ఇంకో ఆబ్జెక్ట్ ఉంది. అందులోనూ ఫోన్ ఉంది. మెసేజ్ కోసం నువ్వు లోపలివన్నీ బయటికి తీసి ఒకే డిక్షనరీలో, అంటే పేరూ దాని విలువా రాసుకునే పట్టికలో, పరిచావు. డిక్షనరీలో ఒక పేరుకి ఒకటే విలువ. రెండో ఫోన్ వచ్చి మొదటిదాన్ని చెరిపేసింది,” అన్నాడు శ్యాంప్రసాద్.

దిలీప్ తన ల్యాప్‌టాప్‌లో ఆ లైను వెతికి చూశాడు. “లోపలిదానికి వేరే పేరు పెట్టాల్సిందండి. మరి మిగతావోళ్లెవరూ అడగలేదేటి?”

“వాళ్ల పెద్దలు ఫోన్ తీసి సంబంధం మాట్లాడారు. ఈమె పెద్దదిక్కు మాత్రం పెళ్లయిపోయిందన్నాడు.”

నాగవేణి తిరిగి చూసింది. “నువ్వా, అన్నయ్యా?”

“అమ్మ పోయింది,” అన్నాడు పెదబాబు. “నువ్వూ ఎల్లిపోతే ఆ ఇంట్లో నాతో మాటాడీవోళ్లెవరే?”

“ఎవరెవరు ఫోన్ సేసేరు?”

అతను తడుముకోలేదు. ఒక్కొక్కరినీ ఊరితో సహా చెప్పాడు. ఎవరి తల్లికి మోకాళ్ల నొప్పులో, ఎవరికి బెల్లం వ్యాపారమో కూడా. పెళ్లయిపోయిందని చెప్పాక కూడా వాళ్లతో మాట్లాడుతూ కూర్చునేవాడట.

“చీడికాడ మాస్టారు ఇప్పటికీ సేస్తాడే. మంచోడు.”

“మంచోడని తెలిసే నాకు పెళ్లయిపోయిందని సెప్పేవా?”

ఆమె చెయ్యి చాచింది. అతను ఫోన్ ఇచ్చాడు. మాస్టారి నంబరు నొక్కి, చెవికి ఆనించుకుని నాగవేణి వరండాలోకి వెళ్లింది.

ఆమె మాటలు వినపడనంత దూరంలో, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదబాబు కూర్చునే ఉన్నాడు.