ప్రింట్ పేజీలో పాత దారి

"ఈ సాయంత్రం ఆరింటికల్లా మఖమల్ ప్రాణాలతో ఉండకూడదు," అన్నాడు చీఫ్.

టేబుల్ మీద ఒక ఫోటో పెట్టాడు. నల్ల కళ్ళద్దాలు, మోచేతుల దాకా మఖమల్ గ్లవ్స్, కెమెరాని కూడా లెక్కచేయని నవ్వు. ఆ గ్లవ్స్ వల్లే ఆమెకి ఆ పేరు వచ్చింది.

ఫోటో వంక చూస్తున్నవాణ్ణి డిపార్ట్‌మెంట్లో ఏజెంట్ పిల్లి అంటారు. అడుగుల చప్పుడు లేకుండా నడుస్తాడని పెట్టిన పేరు. అసలు పేరు వాళ్ళ అక్కకీ బావకీ తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"కారణం, సార్?"

"నిన్న ఎయిర్‌పోర్ట్ కెఫేలో, మన రహస్య సందేశాలు మోసే కొరియర్‌ని కాల్చేశారు. వేషంలో ఉన్నాడు. తెల్లగడ్డం, వీల్‌చెయిర్. అయినా కాల్చినవాడు అటూ ఇటూ చూడలేదు, నేరుగా వచ్చి కాల్చాడు. ఆ వేషంలో తీసిన ఫోటో ఒక్కచోటే ఉంది. మన షేర్డ్ ఫోల్డర్లో."

బయటికి ఆ డిపార్ట్‌మెంట్ ఒక గొడుగుల కంపెనీ. వెబ్‌సైట్లో గొడుగులు రంగులవారీగా ఉంటాయి. ఏమీ తెలియని జనం ఆర్డర్లు పెడతారు, వాళ్ళకి బుద్ధిగా గొడుగులు వెళ్తాయి కూడా. డీలర్ లాగిన్ వెనక ఉన్నదే అసలు వ్యాపారం. ఏజెంట్లు తమ కొత్త వేషాల ఫోటోలు, దాక్కున్న ఇళ్ళ అడ్రసులు అక్కడ అప్‌లోడ్ చేస్తే అన్నీ ఒకే ఫోల్డర్లో చేరతాయి.

"ఆ ఫోల్డర్ చూడగలిగేది ముగ్గురం," అన్నాడు చీఫ్. "నేను, మీ బావ, మఖమల్. నేను కాదు. మీ బావ ఆ సిస్టమ్ కట్టినవాడు. ఇక మిగిలింది ఎవరు?"

"అతన్ని చంపిన ఆ విదేశీ ముఠాలో మఖమల్ మన మనిషి కదా, సార్."

"మనకి అలా చెప్పింది. ముఠాకి ఇంకోలా చెప్పి ఉంటుంది. డబుల్ ఏజెంట్లతో వచ్చిన తలనొప్పే ఇది." చీఫ్ గడియారం చూసుకున్నాడు. "ఆరింటికి ఫీల్డులో ఉన్న ప్రతి ఏజెంటూ కొత్త ఫోటో, కొత్త అడ్రసు అప్‌లోడ్ చేస్తాడు. అప్పటిదాకా అందరూ సైలెన్స్‌లో ఉంటారు, ఆగండని చెప్పే వీల్లేదు. ఈలోగా లీక్ ఆగకపోతే తెల్లారేసరికి మనకి ఒక్క ఏజెంటూ మిగలడు. అర్థమైందా?"

అర్థమైంది. పిల్లి కింది అంతస్తులో ఉన్న సిస్టమ్స్ రూమ్‌కి వెళ్ళాడు.

అది బావ సామ్రాజ్యం. మానిటర్ పైన ఆయన స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం ఉంది: 'దారి ఒక్కచోటే రాయాలి.' ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే అడ్రసుని ఆ గదిలో దారి అంటారు. అప్‌లోడ్ పేజీ, చూసే పేజీ, వెతికే పేజీ, ఏదీ తనంతట తాను దారి రాసుకోకూడదు. అన్నీ 'బేస్' అనే ఒకే ఫైలుని అడగాలి. ఫోల్డర్ చోటు మారితే బేస్‌లో ఒక్క లైను మారిస్తే చాలు, పేజీలన్నీ దాని వెంటే పోతాయి. పేజీలు టీమ్ మొత్తానివి. బేస్ తాళం మాత్రం బావ ఒక్కడిది.

ఫీల్డులోకి పోకముందు పిల్లి ఈ గదిలోనే ట్రైనీ. ఎవడైనా తప్పు టైప్ చేస్తే బావ నోరెత్తేవాడు కాదు, ఎడమ కనుబొమ్మ గోక్కునేవాడు. అది చూసి ట్రైనీలు తమ తప్పు తామే వెతుక్కునేవారు. అంతకుముందు పిల్లికి సైకిల్ తొక్కడం నేర్పింది బావే. గడ్డం గీసుకోవడం నేర్పింది బావే. అక్క పెళ్ళినాటికి పిల్లి ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. నాన్న లేడన్న సంగతి బావ వచ్చాక అతనికి పెద్దగా గుర్తు రాలేదు.

"ఇదిగోరా," అని బావ ఒక నల్లగొడుగు చేతిలో పెట్టాడు. "బటన్ నొక్కితే మొనలోంచి సూది. చప్పుడుండదు. పిడి మాత్రం పొట్టకి గట్టిగా ఆనించి పట్టుకో, లేకపోతే గురి తప్పుతుంది."

"సరే బావా."

"పని చూసుకుని నేరుగా ఇంటికొచ్చెయ్. మీ అక్క భోజనానికి రమ్మంది."

*

హోటల్ మేడ మీద మ్యూజిక్ హాలు ఖాళీగా ఉంది. పియానో ట్యూన్ చేసేవాడి వేషంలో పిల్లి లోపలికి వచ్చాడు. నెరిసిన మీసం, వెలిసిన కోటు, ఒక చేతిలో టూల్ బ్యాగ్, ఇంకో చేతిలో గొడుగు. మఖమల్ పియానో ముందు కూర్చుని, గ్లవ్స్ తీయకుండానే ఒకే మెట్టు మాటిమాటికీ నొక్కుతోంది.

"బయట వానొచ్చేలా ఉందా?" అంది.

"గొడుగు నా దగ్గరే ఉంది," అన్నాడు పిల్లి. కోడ్ అక్కడికి అయిపోయింది.

"అయితే తడిసేది నేనే అన్నమాట," అంది ఆమె.

అది కోడ్‌లో లేదు. ఆమెకి తెలిసిపోయింది. పిల్లి పిడిని పొట్టకి ఆనించి, బొటనవేలు బటన్ మీద పెట్టాడు.

"ఒక్క నిమిషం. నన్ను చంపేముందు ఒక కంప్లైంట్ తీసుకోండి. మీ వెబ్‌సైట్ మీద."

బొటనవేలు ఆగింది. చివరి క్షణంలో దేవుణ్ణి తలుచుకున్నవాళ్ళని అతను చూశాడు, అమ్మా అని అరిచినవాళ్ళని చూశాడు. వెబ్‌సైట్ మీద కంప్లైంట్ ఇచ్చిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

ఆమె ఫోన్ ముందుకు చాపింది. "కొరియర్ ఒకప్పుడు నన్ను మంటల్లోంచి బయటికి లాగాడు. ఈ గ్లవ్స్ ఫ్యాషన్ కాదు. అతని ఫోటో ఒక్కటి దగ్గర పెట్టుకుందామని పొద్దున్న ప్రింట్ నొక్కాను. ఫైలే లేదంటోంది. చూసే పేజీలో నిక్షేపంలా ఉంది. ప్రింట్ పేజీలో లేదు. ఇదేం విడ్డూరం?"

"ఒకసారి లాగవుట్ అయ్యి మళ్ళీ లాగిన్ అవ్వండి," అన్నాడు పిల్లి పాత అలవాటు కొద్దీ.

"అదీ అయింది. అతని పాత ఫోటోలు హాయిగా ప్రింట్ అవుతున్నాయి. ఈ వారం పెట్టినవే రావట్లేదు."

పిల్లి ఫోన్ తీసుకుని తనే నొక్కి చూశాడు. ఫైలు లేదు. ఇంకోటి నొక్కాడు. లేదు. నుదుటి మీద చెమట పట్టి మీసం ఒక పక్క ఊడింది.

ఎందుకంటే ప్రింట్ పేజీ లోగుట్టు ఇద్దరికే తెలుసు. మేనకోడలు పుట్టిన రోజు బావ ఆ పేజీ రాస్తున్నాడు, పక్కన ట్రైనీ పిల్లి కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, అక్కకి నొప్పులు మొదలయ్యాయని. బావ కంగారులో బేస్‌ని పిలవకుండా ఫోల్డర్ దారి మొత్తం చేత్తోనే కొట్టేశాడు. కింద ఒక ముక్క రాశాడు: 'తాత్కాలికం. రేపు మార్చాలి.' చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాడు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రేపు అనేది అంత తొందరగా రాదు. ఆ రేపు ఈనాటికీ రాలేదు. దారి ఒక్కచోటే రాయాలని అందరికీ తలంటిన మనిషి, తను మాత్రం రెండోచోట రాసి మర్చిపోయాడు.

అంటే ప్రింట్ పేజీ ఇంకా పాత ఫోల్డర్‌లోనే వెతుకుతోంది. మిగతా పేజీలు బేస్ చెప్పిన చోటికి పోతున్నాయి. రెండూ ఒకటే అయితే ఫోటో రెండుచోట్లా కనబడాలి. కనబడలేదంటే వారం కిందట ఎవరో బేస్‌లో లైను మార్చారు. పాత ఫైళ్ళన్నీ కొత్త చోటికి కాపీ చేశారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. కొత్త ఫైళ్ళు మాత్రం ఇంకెవరి ఇంటికో వెళ్తున్నాయి.

బేస్ తాళం ఎవరి దగ్గరుందో పిల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు.

'పొరపాటై ఉంటుంది' అనుకున్నాడు. 'సర్వర్ మార్చి చీఫ్‌కి చెప్పడం మర్చిపోయి ఉంటాడు.' తన చెవిలో తనే పువ్వు పెట్టుకోవాలని ఎంతో ప్రయత్నించాడు. అప్పుడే పొట్టకి ఆనిన పిడి చల్లగా తగిలింది.

మెల్లగా చెయ్యి చాచి, పిడిని సోఫా వైపు తిప్పి, బటన్ నొక్కాడు. సూది మొనలోంచి రావాలి. పిడిలోంచి వచ్చి సోఫా దిండులో దిగబడింది.

ఇద్దరూ ఆ దిండు వంక చూశారు.

"ఎవరిచ్చారు మీకిది?" అంది మఖమల్.

"మా బావ."

"అయ్యో," అంది ఆమె. ఎన్నో ముఠాలు పిల్లి మీద గురిపెట్టాయి, ఎప్పుడూ బాధ కలగలేదు, అది వాళ్ళ ఉద్యోగం. ఇప్పుడు మాత్రం నలుగురిలో నిలబెట్టి చెంప మీద కొట్టినట్టుంది. ఏడుపొచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏడవడానికి తర్వాత టైముంది," అంది మఖమల్ లేచి. "ఆరు కావస్తోంది. పదండి."

*

పిల్లి చప్పుడు లేకుండా సిస్టమ్స్ రూమ్‌లోకి వచ్చాడు, వెనకే మఖమల్.

"బావా."

కుర్చీ గిర్రున తిరిగింది. బావ ముఖం పాలిపోయింది. నోట్లోంచి వచ్చిన మొదటి మాట మాత్రం, "దెబ్బేం తగల్లేదుగా?"

పిల్లి చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. అది నటన అయినా బాగుండేది.

"ప్రింట్ పేజీ మార్చడం మర్చిపోయావు బావా."

బావకి అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత నవ్వాడు, ఏడుపులాంటి నవ్వు. "అది నేనే మర్చిపోయాను. ఈ సిస్టమ్ లోగుట్టు నేను కాక తెలిసినవాడివి నువ్వొక్కడివే. అందుకే కదరా, ఆ గొడుగు."

"ఎందుకు చేశావు?"

"నువ్వు ఫీల్డులో హీరోవి. ఆమె పేరు చెబితే విలన్లు కూడా నిలబడి నమస్కారం పెడతారు. నేనెవర్ని? అందరూ నేను వేసిన దారిలోనే నడుస్తారు, నేను బతికున్నానో లేదో ఒక్కడూ అడగడు. వాళ్ళు అడిగారు. మా దేశానికి రా, కొత్త పేరు, కొత్త జీవితం అన్నారు."

"అక్కకి తెలుసా?"

"తెలీదు."

"టికెట్లు ఎన్ని?"

బావ నేల చూపులు చూశాడు. "ఒకటే."

పిల్లికి, తనని చంపబోయినందుకు కలిగిన బాధ కంటే ఈ 'ఒకటే' ఎక్కువ గుచ్చుకుంది.

"బేస్ తాళం ఇవ్వు."

"ఇవ్వను. సర్వర్లు ఈ ఊళ్ళో లేవు, వైరు పీకడానికి కూడా లేదు. ఆరు కొడితే అన్నీ వాళ్ళ దగ్గరికి పోతాయి. కూర్చోరా, నీ వల్ల కాదు."

"మీరు టైప్ చెయ్యండి," అంది మఖమల్ పిస్టల్ తీసి. "ఈయన్ని నేను చూసుకుంటాను."

పిల్లి కీబోర్డు ముందు కూలబడ్డాడు. తాళం లేకుండా బేస్ మారదు. కానీ పేజీలు టీమ్ అందరివీ, అతని పాత లాగిన్ ఇంకా పనిచేస్తోంది. అప్‌లోడ్ పేజీ బేస్‌ని అడగకపోతే సరి. ప్రింట్ పేజీ తెరిచి, బావ ఆనాడు చేత్తో కొట్టిన పాత దారిని కాపీ చేశాడు. అప్‌లోడ్ పేజీలో బేస్ అన్న మాట తుడిచేసి, అక్కడ దాన్ని అతికించాడు. సేవ్ కొట్టాడు. హమ్మయ్య అనుకుంటూ తలెత్తాడు.

బావ ఎడమ కనుబొమ్మ గోక్కుంటున్నాడు.

పిస్టల్ ఎదురుగా ఉన్నా, తప్పు జరిగినందుకు లోపల సంబరపడుతున్నా, ఆ వేలు దాని పని అది చేసుకుపోతోంది. తప్పుంది. ఎక్కడో తప్పుంది. పిల్లి స్క్రీన్ పైనుంచి కిందికి చూశాడు. మూలన చిన్న అక్షరాల్లో 'టెస్ట్ కాపీ' అని ఉంది. ఏజెంట్లు వాడే అసలు పేజీని కాదు, ప్రయోగాలకి పెట్టుకున్న నకలుని మార్చాడు. ట్రైనీలు రోజూ చేసే తప్పే.

బావ గబుక్కున చెయ్యి దించాడు. కానీ ఆలస్యమైపోయింది.

లైవ్ పేజీ. బేస్ తుడిచాడు. దారి అతికించాడు. సేవ్. గోడ గడియారం ఆరు కొట్టింది.

ఫైళ్ళు రావడం మొదలైంది. పిల్లి ప్రింట్ పేజీ తెరిచి మొదటి ఫైలు నొక్కాడు. మూలనున్న ప్రింటర్ కాసేపు మూలిగి, ఎవరో ఏజెంటు బామ్మ వేషంలో ఉన్న ఫోటోని బయటికి నెట్టింది. ఫైళ్ళు ఇంటికే వచ్చాయి. ముఠా ఫోల్డర్లోకి ఒక్కటి కూడా పోలేదు.

తర్వాత పిల్లి కొరియర్ ఫైలుని పాత ఫోల్డర్లోకి కాపీ చేసి మళ్ళీ ప్రింట్ నొక్కాడు. తెల్లగడ్డం, వీల్‌చెయిర్, కొంటె నవ్వు. కాగితం మఖమల్ చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళద్దాలు తీయకుండానే చాలాసేపు చూసి, మడవకుండా బ్యాగ్‌లో పెట్టుకుంది.

కబురు అందుకున్న చీఫ్ గార్డులతో వచ్చాడు. "మిమ్మల్ని నేను ఎన్నడూ అనుమానించలేదు," అన్నాడు మఖమల్‌తో. ఆమె దిండులోంచి పీకి తెచ్చిన సూదిని ఆయన ముందు టేబుల్ మీద పెట్టింది. చీఫ్ దగ్గి, కిటికీ వైపు తిరిగాడు.

గార్డులు తీసుకెళ్తుంటే బావ గుమ్మం దగ్గర ఆగాడు. "మీ అక్కకి నువ్వే చెప్పరా. నా వల్ల కాదు."

ఇన్నాళ్ళూ పిల్లిని కన్నకొడుకులా మోసిన మనిషి, చివరికి ఈ బరువుని అతని నెత్తినే పెట్టి పోయాడు. ఇంట్లో అక్క కంచాలు పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. మేనకోడలు నాన్నేడని అడుగుతుంది.

అతను కోటు తీసుకుని బయల్దేరాడు. చీఫ్ స్క్రీన్ మీదికి వంగి, మానిటర్ పైన అంటించిన కాగితం వంకా పేజీ వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏమయ్యా, దారి చేత్తో రాశావేంటి? ఇక్కడ రూల్ ఉంది కదా?"

"తాత్కాలికం, సార్," అన్నాడు పిల్లి గుమ్మం దాటుతూ. "రేపు మార్చేస్తాను."